వంకర చుక్కాని బగ్గా, ఫీచరా? తీగలతో ఎగిరే ఒక పాత విమానం కథ

ఈ రోజు నా టేబుల్ మీద ల్యాప్‌టాప్ లేదు. ఒక పాత అట్టపెట్టె ఉంది. మూలలు నలిగిపోయాయి, రంగు వెలిసిపోయింది. మూత మీద ఒక విమానం బొమ్మ, పక్కనే పేరు: రింగ్‌మాస్టర్. తయారీ స్టెర్లింగ్ మోడల్స్, ఫిలడెల్ఫియా.

ఫిలడెల్ఫియా దగ్గర ఉండే మా బాబాయ్‌కి ఇది ఒక పాత సామాన్ల అమ్మకంలో దొరికింది. పోయినసారి వచ్చినప్పుడు సూట్‌కేసులో చీరల మధ్య పెట్టి తెచ్చాడు. చేతిలో పెడుతూ ఒక్కటే మాట అన్నాడు: "ఒరేయ్, విప్పితే దీని విలువ పోతుందట. విప్పకపోతే ఇది విమానం కాదు. ఇక నీ ఇష్టం."

నేను మూడు నెలలు ఆలోచించి విప్పాను. లోపల ఉన్నవాటిలో సగం నాకు తప్పుల్లా కనిపించాయి. సాఫ్ట్‌వేర్ వాడిని కదా, బగ్ కనిపిస్తే చేయి ఊరుకోదు. ఆ దూకుడుకి ఒక విమానాన్ని బలి ఇచ్చాను కూడా. ఈ ఎపిసోడ్ ఆ తప్పు గురించి, దాని వెనకున్న చరిత్ర గురించి.

అసలు ఇదేం విమానం?

మనలో చాలామందికి మోడల్ విమానం అంటే రిమోట్ గుర్తొస్తుంది, లేదంటే డ్రోన్. దీనికి రిమోట్ లేదు. దీన్ని కంట్రోల్ లైన్ విమానం అంటారు. పైలట్ మైదానం మధ్యలో నిలబడతాడు. చేతిలో ఒక పిడి. దాని నుంచి రెండు సన్నటి ఉక్కు తీగలు, సుమారు 60 అడుగులు. ఆ చివర విమానం. ఇంజిన్ స్టార్ట్ చేసి వదిలితే అది పైలట్ చుట్టూ గిర్రున తిరుగుతుంది. మన పొలాల్లో పిట్టల్ని తోలడానికి ఒడిసెల తిప్పేవాళ్లు చూడండి, అచ్చం అలా. తేడా ఏంటంటే, ఇక్కడ తిరిగే రాయికి సొంత ఇంజిన్ ఉంది, రెక్కలున్నాయి.

రెండు తీగలు ఎందుకు? విమానం రెక్క మధ్యలో ఒక చిన్న మూడు మూలల పలక ఉంటుంది. పేరు బెల్‌క్రాంక్. రెండు తీగలూ దాని రెండు మూలలకి కట్టి ఉంటాయి. మూడో మూల నుంచి ఒక కడ్డీ వెనక తోకలో ఉన్న ఎలివేటర్‌కి వెళ్తుంది. చేతిలో పిడిని పైకి వంచితే ఒక తీగ లాగుతుంది, రెండోది వదులిస్తుంది, పలక తిరుగుతుంది, ఎలివేటర్ పైకి లేస్తుంది, విమానం పైకి వెళ్తుంది. కిందికి వంచితే కిందికి. అంతే. బ్యాటరీ లేదు, సిగ్నల్ లేదు. మీ మణికట్టుకీ విమానం తోకకీ మధ్య నేరుగా తీగ.

చిన్న లెక్క చూద్దాం. విమానం బరువు 900 గ్రాములు అనుకోండి. తీగలు, మన చేయి కలిపి వృత్తం వ్యాసార్ధం 19 మీటర్లు. వేగం గంటకు 80 కిలోమీటర్లు. ఒక్కో చుట్టు దాదాపు 120 మీటర్లు, అంటే ఐదున్నర సెకన్లలోపే అయిపోతుంది. చేతి మీద లాగుడు రెండు కిలోల పైచిలుకు. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన సెంట్రిపెటల్ ఫోర్స్ ఇదే. అప్పుడు మార్కుల కోసం చదివాం, ఇప్పుడు చేయి నొప్పితో తెలుస్తుంది.

ఈ బిగువు చాలా ముఖ్యం, గుర్తుపెట్టుకోండి. తీగ బిగువుగా ఉన్నంతసేపే విమానం మన మాట వింటుంది. వదులైతే పిడిని ఎంత వంచినా ఎలివేటర్‌కి కబురు అందదు. కథంతా ఇక్కడే ఉంది.

ఇది ఎవరి ఐడియా?

1930లలో అమెరికాలో చిన్న పెట్రోల్ ఇంజిన్లు వచ్చాయి. ఫిలడెల్ఫియాకే చెందిన బిల్ బ్రౌన్ తయారు చేసిన బ్రౌన్ జూనియర్ వాటిలో పేరున్నది. కుర్రాళ్లు వాటిని మోడల్ విమానాలకి బిగించి గాల్లోకి వదిలేవాళ్లు. వదిలేవాళ్లంటే నిజంగానే వదిలేయడం. పట్టు ఏమీ లేదు. దారం తెగిన గాలిపటం వెనక మనం మేడలూ గోడలూ దూకినట్టు, వాళ్లు కార్లేసుకుని పొలాలకి అడ్డంపడి వెళ్లేవాళ్లు. నెలల కష్టం ఒక్క గాలికి కనిపించకుండా పోయేది.

దాన్ని తాడుతో కట్టేస్తే? ఆరెగన్ రాష్ట్రంలో గేల్స్ క్రీక్ దగ్గర ఓబా సెయింట్ క్లెయిర్ అనే ఆయన 1936లో తీగలతో విమానాన్ని నడిపాడు. ఆయన వాడింది ఇప్పటి పిడి లాంటిది కాదు, పాత టీవీ యాంటెన్నాలా కనిపించే ఒక పెద్ద ఫ్రేమ్, దానికి చాలా తీగలు. టెక్సస్‌లో విక్టర్ స్టాంజెల్ 'జి-లైన్' అనే తన పద్ధతితో వచ్చాడు. మళ్లీ ఆరెగన్‌లోనే పోర్ట్‌లాండ్‌లో జిమ్ వాకర్, రెండు తీగలూ బెల్‌క్రాంకూ ఉన్న పద్ధతికి 'యు-కంట్రోల్' అని పేరు పెట్టి, పేటెంట్ తీసుకుని, ఫైర్‌బాల్ అనే కిట్ అమ్మాడు. వాకర్ గొప్ప షోమ్యాన్ కూడా. ఒకేసారి మూడు విమానాలు తిప్పేవాడు: చేతికొకటి, మూడోది తలకి కట్టుకుని. జనం ఎగబడకుండా ఎలా ఉంటారు?

యుద్ధం అయిపోయాక ఈ ఆట ఒక్కసారిగా పెరిగింది. కారణాలు సింపుల్. పెద్ద పొలం అక్కర్లేదు, స్కూల్ గ్రౌండ్ చాలు. విమానం పారిపోదు. పైగా 1947లో రే ఆర్డెన్ గ్లో ప్లగ్‌ని మార్కెట్లోకి తెచ్చాడు. అంతకుముందు ఇంజిన్‌తో పాటు కాయిల్, కండెన్సర్, బ్యాటరీ అన్నీ విమానమే మోయాలి. గ్లో ప్లగ్‌లో ఒక చిన్న ప్లాటినం తీగ చుట్ట ఉంటుంది. మొదట బయటి బ్యాటరీతో దాన్ని ఎర్రగా చేసి, ఇంజిన్ అందుకున్నాక బ్యాటరీ తీసేయొచ్చు. మిథనాల్ ఇంధనం, ఆ ప్లాటినం కలిసి వేడిని నిలబెడతాయి. బరువు తగ్గగానే లూపులు, తలకిందుల ఎగురుడు, ఎనిమిది అంకెలు, అన్నీ కుదిరాయి.

సరిగ్గా ఆ సమయంలో, 1950 ప్రాంతంలో, మాట్ కానియా డిజైన్‌తో స్టెర్లింగ్ వాళ్లు రింగ్‌మాస్టర్ తెచ్చారు. రెక్క 42 అంగుళాలు. బాడీ గుండ్రంగా ఉండదు, ఒకే బాల్సా పలక. చౌక. స్కూల్ పిల్లాడు కొనగలడు, కట్టగలడు, పగిలితే రాత్రికి అతికించి తెల్లారి మళ్లీ ఎగరేయగలడు. అమెరికాలో ఒక తరం లూప్ కొట్టడం దీనితోనే నేర్చుకుంది.

ఇక పేటెంట్ సంగతి. 1955లో వాకర్‌కీ, చిన్న ఇంజిన్లకి పేరుపడ్డ లెరాయ్ కాక్స్‌కీ మధ్య ఇది కోర్టుకెక్కింది. సెయింట్ క్లెయిర్ వచ్చి సాక్ష్యం చెప్పాడు. కాక్స్ గెలిచాడు. అప్పటిదాకా చాలామందికి ఆ ముందటి మనిషి ఉన్నట్టే తెలియదు. ఎవరు ముందు చేశారు, ఎందుకు అలా చేశారు అనేది రాసిపెట్టకపోతే, చివరికి కోర్టు మెట్లెక్కి చెప్పుకోవాల్సి వస్తుంది. ఈ మాట మళ్లీ చివర్లో పనికొస్తుంది.

నేను చేసిన ఘనకార్యం

పెట్టె విప్పాను. ప్లాన్ పరిచాను. ఫ్రెండ్స్, నాకు వరసగా బగ్గులే కనిపించాయి. చుక్కాని, అంటే రడ్డర్, నిటారుగా లేదు, వృత్తం బయటి వైపుకి తిరిగి ఉంది. ఇంజిన్ ముక్కు కూడా కాస్త బయటికే. బయటి రెక్క చివర కావాలని సీసం ముక్క పెట్టమంటున్నారు. ఎగిరే వస్తువుకి ఉత్త పుణ్యానికి బరువెందుకు?

రింగ్‌మాస్టర్ మీద నేరుగా చేయి పెట్టలేదు, ఆ మాత్రం బుద్ధి ఉంది. ప్రాక్టీసు కోసం పలక బాల్సాతో ఒక చిన్న విమానం కట్టాను. దాని ప్లాన్‌లోనూ ఇవే మూడు వంకరలు. మూడూ 'సరిచేశాను'. రడ్డర్ నిటారు. ఇంజిన్ కింద వాషర్లు తీసేసి సూటిగా బిగించాను. సీసం అవతల పారేశాను.

మా ఊళ్లో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ చూసి రిటైర్ అయిన మాస్టారు ఒకరున్నారు. ఆయన్ని బతిమాలి హైస్కూల్ గ్రౌండ్‌కి తీసుకెళ్లాను. మొదటి రెండు చుట్లు బానే వెళ్లింది. మూడో చుట్టులో ఉత్సాహం ఆగక పైకి లేపాను. పాతిక అడుగుల ఎత్తులో గాలి తగిలింది. లోపలి రెక్క నా వైపుకి వాలింది. తీగలు జారి వదులయ్యాయి. పిడి వంచుతున్నాను, వంచుతున్నాను, అవతల ఏమీ జరగట్లేదు. స్క్రీన్ హ్యాంగ్ అయినప్పుడు మౌస్ కొట్టుకుంటాం చూడండి, అలా. విమానం నా తలకి ఆరడుగుల పక్కన నేలలో దిగబడింది.

మాస్టారు వచ్చి ముక్కలు ఏరుతూ అడిగారు, "చుక్కాని ఎందుకు సరిచేశావు నాయనా?"

"వంకరగా ఉంది సార్, తప్పనుకున్నా."

"వంకరగా ఉంటే ఎందుకుందో అడగాలి గానీ, సరిచేసేయడమేనా?"

ఆ మూడు వంకరలూ తీగ బిగువు కోసం. రడ్డర్, ఇంజిన్ విమానాన్ని ఎప్పుడూ బయటికి లాగుతుంటాయి. ఇక సీసం. అరవై అడుగుల తీగల బరువు లోపలి రెక్కకి వేలాడుతుంది కదా, దానికి జవాబుగా బయటి రెక్కలో ఆ ముక్క. నేను పీకేసింది బగ్గుల్ని కాదు, ప్రాణాన్ని. చూస్తున్న చిన్నవాళ్లకి ఒక మాట: ఆ రోజు అదృష్టం బాగుండి తప్పించుకున్నాను, అంతే.

ఇప్పుడు సరిగ్గా బాగుచేద్దాం

అలాగని పాతదంతా బంగారం అనుకోకండి. ఈ పెట్టెలో నిజమైన బగ్గులూ ఉన్నాయి. ఒక్కోదాన్ని పట్టుకుని "నువ్వెందుకు ఇలా ఉన్నావు?" అని అడుగుతూ వెళ్లాను.

మొదటిది, నలిగిన ముక్కలు. అప్పట్లో ముక్కల్ని అచ్చు కత్తులతో ప్రెస్‌లో నొక్కి కోసేవాళ్లు. కత్తి మొద్దుబారే కొద్దీ చెక్క తెగదు, నలుగుతుంది. ఆ కాలం మోడలర్లు దీన్ని వెక్కిరిస్తూ 'డై కట్' బదులు 'డై క్రంచ్' అనేవాళ్లు. ఇది ఫీచర్ కాదు, ఖర్చు తగ్గించడం. ప్రతి ముక్కనీ అట్ట మీద గీసుకుని, నలిగినవాటిని కొత్త బాల్సాతో కోశాను. ముందు బ్యాకప్, తర్వాతే మార్పు. బాగున్న ముక్కలు పాతవే వాడాను.

రెండోది, పలక బాడీ. ఇక్కడ ఫీచరూ బగ్గూ ఒకదాంట్లోనే ఉన్నాయి. చౌక, తేలిక, రిపేరు సులువు. కానీ ఇంజిన్ ఆ పలకకి పక్కన వేలాడుతుంది కాబట్టి ముక్కు వణుకుతుంది. వణికితే ట్యాంకులో ఇంధనం నురగ కడుతుంది. నురగ కడితే ఇంజిన్ తడబడుతుంది. మందు ఏంటంటే, ముక్కుకి రెండు వైపులా పల్చటి ప్లైవుడ్ అతికించి, దాన్ని రెక్క ముందంచు దాటేదాకా తీసుకెళ్లడం. ఆకారం మారదు, వణుకు తగ్గుతుంది.

మూడోది, బెల్‌క్రాంక్. కిట్‌తో వచ్చింది చిన్నది. ఇప్పుడు చాలామంది ఈ సైజు విమానానికి 3 అంగుళాలది వాడతారు. పెద్ద పలక అయితే చేతి కదలిక మెత్తగా, కచ్చితంగా తోకకి చేరుతుంది. దాన్ని బిగించే ప్లైవుడ్ చాలా గట్టిగా ఉండాలి, ఎందుకంటే మొత్తం లాగుడు దాని మీదే. అది ఊడితే విమానం ఒడిసెల వదిలిన రాయే. అందుకే ఎగరేసే ముందు విమానాన్ని ఒకరు పట్టుకుని, ఇంకొకరు పిడి దగ్గర దాని బరువుకి పది రెట్లు లాగి పరీక్షిస్తారు. 900 గ్రాములకి 9 కిలోలు. మాస్టారు లాగారు, నేను కళ్లు మూసుకున్నాను.

నాలుగోది, తోక. బాల్సా అంతా ఒకటి కాదు. పక్కపక్క పలకల్లోనే ఒకటి దూదిలా, ఇంకొకటి రెండింతల బరువుతో ఉండొచ్చు. నా కిట్‌లో తోకకి బరువైన చెక్క పడింది. రింగ్‌మాస్టర్ ముక్కు పొట్టి. వెనక ప్రతి గ్రాముకీ ముందు అంతకంటే ఎక్కువ బరువు పెట్టి తూకం చేయాలి. కిచెన్ త్రాసు మీద తూచి, తోక ఒక్కటి తేలిక చెక్కతో మళ్లీ చేశాను.

ఐదోది, మన వంకర చుక్కాని. ఇక్కడ చరిత్ర ఇంకో మలుపు తిరుగుతుంది. తర్వాతి తరం పైలట్లు రడ్డర్ వంకరని తగ్గించుకుంటూ వచ్చారు. అది మరీ ఎక్కువైతే విమానం గాల్లో అడ్డంగా ఈడ్చుకుంటూ పోతుందని వాళ్లకి అర్థమైంది. దానికి బదులు, తీగలు రెక్క చివర బయటికొచ్చే చోటుని ముందుకో వెనక్కో జరుపుకునేలా చేశారు. అంటే నేను పీకేసినదాన్నే వాళ్లూ తగ్గించారు. తేడా ఒక్కటే. వాళ్లు అది చేసే పనేంటో తెలుసుకుని, ఆ పనిని ఇంకోదానికి అప్పగించి, అప్పుడు తగ్గించారు. నేనూ ఈసారి అదే చేశాను: రెక్క చివర జరిపే గైడ్ పెట్టాను, రడ్డర్‌కి కొంచెం వంకర ఉంచాను, సీసం ముట్టుకోలేదు.

మరి ఇన్ని మార్చాక ఇది పాత విమానమేనా? అమెరికాలో 'ఓల్డ్ టైమ్ స్టంట్' అని ఒక పోటీ ఉంది. 1952 చివరిలోపు డిజైన్లకే ప్రవేశం, రింగ్‌మాస్టర్ అందులో ఎగురుతుంది. స్థూలంగా అక్కడి మర్యాద ఇది: రూపం అప్పటిదే ఉండాలి, లోపలి బలం మీ ఇష్టం. నాకు న్యాయంగానే అనిపించింది.

ఆముదం వాసన

ఈ విమానాలకి జంటగా పేరుపడ్డ ఇంజిన్ ఫాక్స్ 35. 1940ల చివర్లో వచ్చింది. దీనికి థ్రాటిల్ లేదు. అయినా ఒక మాయ చేస్తుంది. ఇంధనం కాస్త ఎక్కువగా సెట్ చేస్తే, నేలకి సమాంతరంగా వెళ్లేటప్పుడు నింపాదిగా, గుర్రుగుర్రుమంటూ తిరుగుతుంది. ముక్కు పైకి లేపి లోడ్ పడగానే గొంతు పెంచి శక్తి అందుకుంటుంది. లూప్ దిగగానే మళ్లీ నెమ్మదిస్తుంది. కంప్యూటర్ లేదు, సెన్సర్ లేదు.

దాని ఇంధనంలో మిథనాల్‌తో పాటు పాతిక శాతం పైనే ఆముదం ఉంటుంది. అవును, మన ఆముదమే. మొదటి ప్రపంచ యుద్ధం నాటి రోటరీ ఇంజిన్లకీ ఇదే నూనె. విపరీతమైన వేడిలో కూడా లోహాన్ని వదలకుండా అంటుకుని ఉంటుంది. మహబూబ్‌నగర్, నల్గొండ మెట్ట చేలల్లో తాతల కాలం నుంచి పండుతున్న పంట ఇది. చిన్నప్పుడు నాయనమ్మ కడుపులోకీ తలకీ పట్టించినప్పుడు పారిపోయాను గానీ, ఇప్పుడు షర్టంతా అదే వాసన.

మనకీ ఈ ఆటకీ బంధం అంతవరకే కాదు. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ కేడెట్లు ఏరోమోడలింగ్ నేర్చుకుంటారు, అందులో కంట్రోల్ లైన్ ఉంది. మాస్టారి తరం పిల్లలు కలకత్తాలో తయారైన అరోరా చిన్న డీజిల్ ఇంజిన్లతో నేర్చుకున్నారు. ఈథర్, కిరోసిన్, ఆముదం కలిపిన ఇంధనం. ఆ పేరు చెప్పగానే ఆయన వేళ్లు చూపించారు. ప్రొపెల్లర్ కొట్టిన మచ్చలు ఇంకా ఉన్నాయి.

ఆ ఆదివారం పొద్దున

ఎగరేయాలనుకునేవాళ్లకి ఒక్క హెచ్చరిక, దయచేసి దాటేయకండి. చేతిలో ఉన్నవి ఉక్కు తీగలు. దగ్గర్లో కరెంటు తీగలుంటే, ఉరుములు వినిపిస్తుంటే, ఇంటికెళ్లిపోండి. పిడికి ఉన్న తాడు మణికట్టుకి తగిలించుకోకుండా ఎగరేయొద్దు. మొదటిసారి తెలిసినవాళ్లు పక్కన లేకుండా అసలే వద్దు.

రింగ్‌మాస్టర్ లేచింది. ఒక చుట్టు, రెండు, ఐదు. తీగలు వీణ తంతుల్లా బిగుసుకున్నాయి. పైకి లేపాను. ఇంజిన్ గొంతు మారింది. మొదటి లూప్ గుండ్రంగా రాలేదు, కోడిగుడ్డులా వచ్చింది, కానీ బయటికొచ్చింది. ఇంధనం అయిపోయి ఇంజిన్ ఆగినప్పుడు ఒక్కసారిగా నిశ్శబ్దం. తీగలు గాలిని కోస్తున్న సన్నటి చప్పుడొక్కటే. గడ్డి మీద దిగింది.

బాబాయ్‌కి వీడియో పెట్టాను. "విలువ పోగొట్టావన్నమాట" అని నవ్వే బొమ్మ పెట్టాడు.

రెక్క మీద కాగితం అతికించే ముందు ఒక పని చేశాను. లోపలి పక్కటెముక మీద పెన్సిల్‌తో రాశాను: తేదీ, ఏ ముక్కలు కొత్తవి, బెల్‌క్రాంక్ ఎందుకు మార్చాను, సీసం ఎందుకు ఉంచాను. మన భాషలో చెప్పాలంటే చేంజ్‌లాగ్. రేపెవరైనా ఈ రెక్క విప్పితే, చుక్కాని వంకరగా ఎందుకుందో వాళ్లు విమానం కూల్చి తెలుసుకోనక్కర్లేదు.

మీ ఇంట్లో కూడా ఏదో ఒక పాత వస్తువు, "ఇదేంటి ఇలా తిక్కగా చేశారు" అనిపించేది ఉండే ఉంటుంది. తాతగారి రేడియో, అమ్మమ్మ కుట్టు మిషన్, ఏదైనా. దాన్ని బాగుచేసే ముందు ఇంట్లో పెద్దవాళ్లని ఒక్క ప్రశ్న అడగండి. వాళ్లేం చెప్పారో కింద రాయండి, నేను అన్నీ చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.